స్ప్రింగ్ ఉన్న ప్రతి కత్తీ స్విచ్‌బ్లేడ్ కాదు

అమెరికాలోకి వచ్చే సరుకుకి కస్టమ్స్ కాగితాలు సిద్ధం చేయడం నా పని. మడత కత్తుల ఫైలు చేతికొస్తే మాత్రం కాస్త నెమ్మదిస్తాను. తెప్పించుకునేవాళ్లు పొడవు గురించి, పదును గురించి అడుగుతారు. చట్టానికి కావాల్సింది అది ఎలా తెరుచుకుంటుందన్నది.

అపోహ: బటన్ నొక్కితే తెరుచుకునే స్విచ్‌బ్లేడ్ కత్తుల దిగుమతి ఆపేశారంటే జేబులో ఉన్నదీ నేరమే.

వాస్తవం: 1958 నాటి ఫెడరల్ (అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ) స్విచ్‌బ్లేడ్ చట్టం ముఖ్యంగా పట్టించుకునేది రాకపోకలను, అంటే విదేశం నుంచి తెప్పించడం, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అమ్మడం, పంపడం. తెలిసి చేస్తే 2,000 డాలర్ల దాకా జరిమానా, 5 ఏళ్ల దాకా జైలు, లేదా రెండూ. ఊరికే దగ్గర ఉంచుకోవడాన్ని ఆ చట్టం తప్పుపట్టేది ఫెడరల్ అధికార పరిధిలోని కొన్ని చోట్లే. మిగతా చోట్ల మీ రాష్ట్రం ఏమంటే అదే.

అపోహ: లోపల స్ప్రింగ్ ఉంటే స్విచ్‌బ్లేడే.

వాస్తవం: పిడిలోని బటన్ నొక్కగానే దానంతటదే తెరుచుకునేది స్విచ్‌బ్లేడ్. విసురుకో, బరువుకో తనే జారి తెరుచుకునేదీ ఆ లెక్కలోకే వస్తుంది. అసిస్టెడ్ ఓపెనింగ్ కత్తి సంగతి వేరు. మూసి ఉన్నంతసేపూ దాని బ్లేడు లోపలికే లాగుతూ ఉంటుంది. బ్లేడు మీదున్న చిన్న బొడిపెను బొటనవేలితో తోసి, ఆ పట్టు దాటించాలి. అప్పుడే స్ప్రింగ్ మిగతా పని అందుకుంటుంది. చూసేవాళ్లకి రెండూ టక్కుమని ఒక్కలాగే తెరుచుకుంటాయి, చిక్కంతా అక్కడే. అందుకే ఉత్త ఫొటోలు పంపితే నేను ఒప్పుకోను. మూసి ఉన్నప్పుడు బ్లేడు ఎటు లాగుతుందో తయారీదారు చేత రాయించి తెమ్మంటాను.

అపోహ: అసిస్టెడ్ కత్తుల మీద 2009లో కస్టమ్స్ శాఖతో జరిగిన గొడవ దిగుమతిదారులది, కత్తి ఉన్నవాళ్లకి దానితో పనేంటి?

వాస్తవం: చాలా పని ఉంది. ఆ ఏడాది మే 22న కస్టమ్స్ శాఖ, అసిస్టెడ్ కత్తులు రావచ్చంటూ అంతకుముందు తానే ఇచ్చిన రూలింగులను వెనక్కి తీసుకుంటానంది. అభిప్రాయాలు చెప్పడానికి నెల గడువిచ్చింది. మణికట్టు విదిలిస్తే తెరుచుకునేవన్నీ స్విచ్‌బ్లేడులే అనుకుంటూ పోతే, కాస్త చేయి తిరిగినవాడి దగ్గర ఒంటిచేత్తో తెరిచే మామూలు మడత కత్తి కూడా అందులో పడుతుంది. పైగా రేవులో వాడే నిర్వచనమూ, రాష్ట్రాల మధ్య పంపకానికి వాడే నిర్వచనమూ ఒకటే. రిపేరుకని పక్క రాష్ట్రంలోని తయారీదారుకి కత్తి పంపినా చట్టం గుర్తొచ్చే పరిస్థితి.

కత్తుల తయారీదారులు, వాడేవాళ్లు, వాళ్ల సంఘాలు కలిసి గట్టిగానే అడ్డుపడ్డారు. చివరికి అక్టోబరు 28న చట్టమైన హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ నిధుల బిల్లులో అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఒక మినహాయింపు చేర్చింది. బ్లేడు మూసుకునే వైపు లాగుతూ, ఆ పట్టు దాటించడానికి బ్లేడు మీదే చేతి బలం పెట్టాల్సి వచ్చే కత్తికి ఈ చట్టం వర్తించదు. వేల కోట్ల ఖర్చుల బిల్లులో కత్తి స్ప్రింగు గురించి ఒక వాక్యం! నా ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు తిరగేసిన వాక్యం అదే.

అపోహ: 3 అంగుళాల లోపు బ్లేడుకి ఏ ఇబ్బందీ లేదు.

వాస్తవం: ఫెడరల్ చట్టంలో ఆ కొలత ఉన్నది ఒక్క చేయి మాత్రమే ఉన్నవాళ్ల కోసం. మిగతావాళ్లకి అది పనికిరాదు.

అపోహ: మా రాష్ట్రంలో స్విచ్‌బ్లేడ్ పెట్టుకోవచ్చు, కాబట్టి తెప్పించుకోవచ్చు.

వాస్తవం: నా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువ ఇలాంటివే. రాష్ట్రం అనుమతి రాష్ట్రం లోపలే, సరిహద్దు దగ్గర నడిచేది ఫెడరల్ చట్టం. బటన్‌తో తెరుచుకునే కత్తి 2009 తర్వాతా ఆగుతూనే ఉంది. ఒకాయన పార్సెల్ జప్తయ్యాక నాకు ఫోన్ చేసి, అలాంటి కత్తే తమ వీధి చివరి దుకాణంలో అద్దాల బీరువాలో ఉందని వాదించాడు. ఉందండీ, అక్కడే కొనుక్కోండి అన్నాను.