ఖర్రా, బడిపిల్లలు: కొన్ని అపోహలు - వాస్తవాలు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ వైపు తెలుగు ఇళ్లలో పొగాకు అంటే బీడీ, చుట్ట మాత్రమే. పొగాకు, వక్క కలిపి నమిలే ఖర్రాను ఎవరూ ఆ లెక్కలో వేయరు. దంత పరీక్షల కోసం బడులకు వెళ్లే నాకు ముందుగా ఎదురయ్యే చిక్కు ఇదే.

అపోహ: ఖర్రా అంటే వక్కే కదా!

వాస్తవం: వక్కముక్కలు, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపితే ఖర్రా అవుతుంది. సున్నం వల్ల నికోటిన్ బుగ్గలోంచి మరింత త్వరగా నెత్తురులో కలుస్తుంది. పొగాకు లేకుండా నమిలినా వక్క క్యాన్సర్ కారకమే. బుగ్గల లోపలి పొర నారకట్టి బిగుసుకుపోయి, నోరు తెరుచుకోకపోవడానికి ప్రధాన కారణం కూడా అదే. ఆ బిగువు, అలవాటు మానినా పూర్తిగా సడలదు. ఠేలాలో (పాన్ బండి దగ్గర) కట్టిచ్చే పొట్లంపై హెచ్చరిక బొమ్మ ఉండదు కనుక ఈ సంగతి బడిలోనే చెప్పాలి.

అపోహ: తొమ్మిదో తరగతిలో చెబితే చాలు.

వాస్తవం: 13-15 ఏళ్ల విద్యార్థులపై 2019లో జరిగిన జాతీయ సర్వేలో, పొగరాని పొగాకు వాడినవారిలో సగానికి పైగా పదో ఏడు నిండకముందే మొదలుపెట్టినట్టు తేలింది. పాఠం మూడో, నాలుగో తరగతిలోనే మొదలుకావాలి.

అపోహ: క్యాన్సర్ ఫొటోలు చూపిస్తే భయపడి మానేస్తారు.

వాస్తవం: పన్నెండేళ్ల పిల్లవాడికి నలభయ్యో ఏట వచ్చే జబ్బు కథలాంటిది. నేను ఫొటోలు తగ్గించి, నోరు ఎంత తెరుచుకుంటుందో తెలియడానికి ఎవరి మూడు వేళ్లు వారినే నిలువుగా నోట్లో పెట్టి చూసుకోమంటాను. వేళ్లు పట్టని పిల్లలను అందరి ముందూ ప్రశ్నించకుండా, తరువాత విడిగా పరీక్షిస్తాను. స్నేహితుడు పొట్లం చాచినప్పుడు మొహమాటం లేకుండా ఎలా కాదనాలో పిల్లలచేత పలికించి సాధన చేయించడం అంతకంటే ముఖ్యం.

అపోహ: తండ్రి కోసం కొంటే తప్పులేదు.

వాస్తవం: “బిడ్డా, జర ఠేలకు పోయి ఖర్రా తే” అన్న మాట ఇక్కడ మామూలే. కానీ 2003 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారికి గానీ, విద్యాసంస్థకు వంద గజాల లోపు గానీ పొగాకు అమ్మకూడదు. పిల్లవాడు ఎవరి కోసం కొన్నాడన్నది అక్కడ లెక్కకు రాదు. తల్లిదండ్రుల సమావేశంలో నేను ముందుగా చెప్పేది ఈ మాటే. ఖర్రా బుగ్గన పెట్టుకుని పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఉన్న బడిలోనైతే, ఆ సంభాషణ పిల్లలకంటే ముందు సిబ్బంది గదిలో జరగాలి.

అపోహ: దొరికిన పిల్లవాడిని బడి నుంచి పంపేయాలి.

వాస్తవం: పంపేస్తే వాడు చేరేది ఠేలా దగ్గరికే. మానాలనుకునేవారికి జాతీయ సహాయ నంబరు 1800-11-2356 ఉంది. దానిని నల్లబల్లపై ఒక మూల రాసి ఉంచండి.