శ్రీవారి పొలాలు: ‘నిరర్థకం’ అన్న మాట దగ్గర వచ్చిన మలుపు

తిరుమల తిరుపతి దేవస్థానానికి భక్తులు రాసిచ్చిన పొలాలను ఏం చేయాలన్న చర్చ మళ్ళీ మొదలైంది. వాటిని పేద రైతులకు కౌలుకిచ్చి స్వామివారి నైవేద్యానికి ధాన్యం పండించాలని ఒక పక్షం, అలా ఇస్తే భూమి చేజారుతుందని మరో పక్షం అంటున్నాయి. ఆ భూములు స్వామివారి పేరున ఎలా చేరాయో, 1933 నుంచి దేవస్థానం పాలన ఎన్ని మార్పులకు లోనైందో పాఠకులకు తెలిసిందే కనుక ఇక్కడ తిరిగి చెప్పనక్కరలేదు. ఇప్పటి వివాదం అర్థం కావడానికి 2020 మే నెలాఖరులో నాలుగు రోజుల వ్యవధిలో వెలువడిన రెండు నిర్ణయాలనూ, వాటికి కారణమైన ఒక్క మాటనూ చూస్తే చాలు.

ఆ మాట ‘నిరర్థక ఆస్తులు’. ఊరూరా చెదిరి ఉన్న కొద్ది సెంట్ల ఇళ్ళ స్థలాలను, ఎకరం లోపు పొలం ముక్కలను దేవస్థానం ఈ పేరుతో ఒక జాబితాగా చేర్చింది. 2015లో పాలకమండలి ఒక ఉపసంఘాన్ని వేసింది. 2016 జనవరి 30న 50 ఆస్తులను బహిరంగ వేలంలో అమ్మాలని తీర్మానించింది. వాటిలో 23 తమిళనాడులో ఉన్నవే. నాలుగేళ్ళపాటు కాగితాల మీదే ఉన్న ఆ తీర్మానం 2020 ఫిబ్రవరి 29న కొత్త మండలి ముందుకు వచ్చి ఆమోదం పొందింది. లాక్‌డౌన్ వల్ల కొండ మీద భక్తుల దర్శనాలు నిలిచిపోయి ఉన్న మే నెలలో ఈ విషయం బయటికి పొక్కడంతో ఆగ్రహం పెల్లుబికింది.

ఆ ఆస్తులు ఆదాయం తేవని, కాపలాకు ఖర్చు తప్పదని, వదిలేస్తే ఆక్రమణల పాలవుతాయని దేవస్థానం వివరణ ఇచ్చింది. అమ్మకానికి 1990 నాటి నిబంధనలు అధికారమిస్తున్నాయని, ఇది కొత్త పద్ధతి కాదని కూడా చెప్పింది.

కొత్త పద్ధతి కాదన్నది నిజమే. అయితే ఆ పాత పద్ధతి వల్ల స్వామివారికి ఏం మిగిలిందో దేవస్థానం ఆ తరువాత విడుదల చేసిన శ్వేతపత్రమే చెబుతుంది. 1974 నుంచి 2014 వరకు 141 ఆస్తులను, అంటే 335.23 ఎకరాలను అమ్మగా వచ్చిన మొత్తం 6.13 కోట్ల రూపాయలు. సగటున ఎకరానికి రెండు లక్షలు కూడా రాలేదు. అమ్మిన భూమిలో 293.02 ఎకరాలు వ్యవసాయ భూమే. ఆనాటి ధరలను ఈనాటి ధరలతో పోల్చడం సరికాదన్న మాటలో న్యాయముంది. అయినా అమ్మిన పొలం తిరిగి రాదు, దాన్ని రాసిచ్చిన కుటుంబానికి చెప్పగలిగే జవాబూ ఉండదు.

అమ్మకాన్ని వ్యతిరేకించినవారి వాదన భావోద్వేగం మాత్రమేనని అప్పట్లో కొందరు కొట్టిపారేశారు కానీ, దానికి బలమైన న్యాయపునాది ఉంది. మన చట్టంలో దేవతామూర్తి ఆస్తి కలిగి ఉండగల వ్యక్తి. తన ఆస్తిని తాను కాపాడుకోలేని మైనరుతో సమానం. కనుక ధర్మకర్తలు యజమానులు కారు, సంరక్షకులు మాత్రమే. సంరక్షకుడు చూసుకోలేకపోయిన పొలాన్ని ‘నిరర్థకం’ అంటే, లోపం పొలానిదా, సంరక్షణదా? అరెకరం రాసిచ్చిన రైతుకు బహుశా అదే ఉన్న ఆస్తి. దాన్ని రాసిచ్చేటప్పుడు ఆయన లెక్కల్లో ఆదాయం లేదు. స్వామివారి పేరు ఆ చేను మీద నిలవాలన్న కోరిక ఉంది.

2020 మే 25న రాష్ట్ర ప్రభుత్వం అమ్మకాన్ని నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అసలు మలుపు ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అమ్మకం ఆపమనడంతో సరిపెట్టకుండా, ఆ స్థలాలను ఆలయ నిర్మాణానికి, ధర్మప్రచారానికి, ఇతర ధార్మిక కార్యక్రమాలకు వాడుకోగలమేమో మతపెద్దలతో, భక్తులతో సంప్రదించి పునరాలోచించమని ఆ ఉత్తర్వు కోరింది. అప్పటిదాకా ఎలా అమ్మాలన్నదే ప్రశ్న. ఆ రోజు నుంచి ఎలా వాడాలన్నది ప్రశ్న అయింది. మే 28న సమావేశమైన పాలకమండలి భక్తులు కానుకగా ఇచ్చిన ఆస్తులను ఇకపై అమ్మరాదని తీర్మానించింది.

మొదటి ప్రశ్న అలా తేలిపోయినా రెండవది మిగిలిపోయింది. శ్వేతపత్రం ప్రకారం అమ్మినవి పోగా 172 వ్యవసాయ ఆస్తులు, 1,792.39 ఎకరాలు మిగిలాయి. ఒక్కొక్కటి సగటున పదెకరాలు. సగటు ఎంతో దాస్తుందన్నది నిజం. కొన్ని చోట్ల సెంట్లే ఉంటాయి, అలాంటి చోట సేద్యం కష్టమే. కానీ 2021 మే నుంచి స్వామివారి నైవేద్యానికి గో ఆధారిత సేద్యంతో పండిన ధాన్యాన్ని వాడటం మొదలైనప్పుడు, ఆ ధాన్యంలో కొంతైనా స్వామివారి సొంత చేలల్లో, చుట్టుపక్కల ఊళ్ళ పేద కౌలుదారుల చేతుల మీదుగా పండకూడదా అన్న ఆలోచన సహజంగానే పుట్టింది. దాత సంకల్పానికి ఇంతకన్నా దగ్గరైన వినియోగం కనిపించదు.

దీనికి అడ్డు చెప్పేవారు కౌలుకిచ్చిన భూమి మీద పట్టు జారుతుందని గుర్తుచేస్తున్నారు. దేవాలయ భూముల అనుభవం చూస్తే ఆ భయం ఉత్తది కాదు. అందుకే కౌలుకు గడువూ, ఏటా సర్వే, హద్దురాళ్ళూ కావాలని సాగు కోరేవారు కూడా అడుగుతున్నారు. 2020 నాటి ఉత్తర్వులో సేద్యం అన్న మాట విడిగా లేదు. నైవేద్యం కోసం వరి పండించడం ‘ఇతర ధార్మిక కార్యక్రమాలు’ కిందికి వస్తుందా, రాదా అన్నచోటే ఇప్పుడు రెండు పక్షాలూ నిలబడి ఉన్నాయి.