కుకీల తగవు: 1997లో రాసి పక్కన పెట్టిన నిబంధన

2025 నవంబరులో ఐదు రోజుల తేడాతో రెండు ప్రకటనలు వెలువడ్డాయి. 14వ తేదీన మన కేంద్ర ప్రభుత్వం డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ నియమాలను ప్రకటించింది. 19వ తేదీన యూరోపియన్ కమిషన్ తన డిజిటల్ చట్టాలను సరళీకరించే ప్రతిపాదనలను బయటపెట్టింది. వెబ్‌సైటు తెరవగానే కుకీలకు, అంటే మనల్ని గుర్తుపట్టడానికి సైట్లు మన బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారపు ముక్కలకు, అనుమతి కోరుతూ అడ్డుపడే పెట్టెలను తగ్గించాలన్నది ఆ ప్రతిపాదనల్లో ఒకటి. వినియోగదారు తన ఇష్టాన్ని బ్రౌజర్‌లో ఒక్కసారి నమోదు చేస్తే ఆ సంకేతాన్ని సైట్లు తమంతట తామే చదివి పాటించాలనీ, ఒకసారి కాదన్న వ్యక్తిని ఆరు నెలల దాకా మళ్లీ అడగకూడదనీ అందులో ఉంది. అంతకు నెల ముందు ఇలాంటి సంకేతాన్ని పంపే వీలు ప్రతి బ్రౌజర్‌లోనూ 2027 జనవరి నుంచి ఉండాలని కాలిఫోర్నియా చట్టం చేసింది. అదే అక్టోబరులో, కుకీలకు ప్రత్యామ్నాయం అంటూ ఆరేళ్లు నడిపిన ప్రైవసీ శాండ్‌బాక్స్ పథకాన్ని గూగుల్ చుట్టేసింది.

దీంతో పాత తగవు మళ్లీ రాజుకుంది. వినియోగదారు ఏమీ మార్చుకోనప్పుడు బ్రౌజర్ ఎవరి పక్షాన పనిచేయాలన్నదే ఆ తగవు. ఇది కృత్రిమ మేధ కాలంలో పుట్టిన కొత్త సమస్య అన్నట్టు గోప్యత కోరేవారూ, ప్రకటనల రంగమూ మాట్లాడుతున్నారు కానీ, దీనికి జవాబు 1997 ఫిబ్రవరిలోనే కాగితం మీద ఉంది. ఆ తర్వాత జరిగినదంతా ఆ జవాబును వాయిదా వేస్తూ వచ్చిన చరిత్రే.

ఆనాటి బ్రౌజర్ సంస్థ నెట్‌స్కేప్‌లో ఇంజనీరు లూ మాంటుల్లి 1994లో కుకీని ఎలా రూపొందించారన్నది అందరూ చెప్పే కథే కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదు. పనితీరు మాత్రం ఒకసారి దగ్గరగా చూడాలి. గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిదే కుకీ. స్టాండువాడికి మన పేరుతో పని లేదు, నంబరు చూసి చెప్పులు ఇస్తాడు. బుట్టలో వేసిన వస్తువు పేజీ మారినా అలాగే ఉండాలన్నా, బ్యాంకు సైటు పేజీ పేజీకీ పాస్‌వర్డ్ అడగకుండా ఉండాలన్నా ఈ టోకెన్ కావలసిందే. అయితే పేజీలో కనిపించే ప్రతి బొమ్మా ఆ సైటు సర్వర్ నుంచే రావాలని లేదు. పైన మెరిసే ప్రకటన వేరే సంస్థ సర్వర్ నుంచి వస్తుంది. వస్తూ వస్తూ ఆ సంస్థ తన టోకెన్ కూడా మన బ్రౌజర్‌లో పెట్టిపోతుంది. పొద్దున వార్తల సైటులోనూ, మధ్యాహ్నం మధుమేహం గురించి చదివిన పేజీలోనూ, రాత్రి పెళ్లి సంబంధాల సైటులోనూ అదే సంస్థ ప్రకటన ఉంటే మూడుచోట్లా అదే నంబరు దానికి అందుతుంది. ఊళ్లోని గుళ్లన్నింటి ముందూ ఒకే కాంట్రాక్టరు స్టాండు పెట్టి, ఏ నంబరు మనిషి ఏ పూట ఏ గుడికి వెళ్లాడో పద్దు రాసుకున్నట్టన్నమాట. దీన్నే థర్డ్ పార్టీ కుకీ అంటారు. ఆ బొమ్మ కంటికి ఆననక్కర్లేదు కూడా. పొడవూ వెడల్పూ ఒక్కొక్క పిక్సెల్ ఉన్న పారదర్శక చిత్రం చాలు.

ఈ ప్రమాదాన్ని మొదట పసిగట్టింది ప్రభుత్వాలూ కాదు, పౌర హక్కుల సంఘాలూ కాదు. ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాలను రూపొందించే ఇంటర్నెట్ ఇంజనీరింగ్ టాస్క్ ఫోర్స్‌లో, కుకీలకు ప్రామాణిక రూపం ఇవ్వడానికి 1995లో చర్చలు మొదలయ్యాయి. బెల్ ల్యాబ్స్‌కు చెందిన డేవిడ్ క్రిస్టల్ ఆ పనికి నాయకత్వం వహించారు. సాధారణ పాఠకులకు కుకీ సంగతి తెలిసింది 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ దాని గురించి రాశాకే. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఈ ఇంజనీర్ల బృందం మూడో పక్షం పెట్టే కుకీ గోప్యతకు ముప్పు అన్న నిర్ణయానికి వచ్చింది. ఏడాది పాటు వాదోపవాదాలు నడిచాక ఆర్‌ఎఫ్‌సీ 2109 అనే పత్రం 1997 ఫిబ్రవరిలో వెలువడింది.

ఇవాళ్టి చట్టాల కంటే స్పష్టంగా ఉంది కాబట్టి ఆ పత్రంలోని ఒక నిబంధనను వివరంగా చెప్పుకోవాలి. వినియోగదారు ముందుగా చూసి, ఒప్పుకుని చేసే అవకాశం లేని అభ్యర్థనలను ఆ పత్రం ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించింది. మనం లింకు నొక్కితే ఎక్కడికి వెళ్తున్నామో మనకు తెలుస్తుంది. పేజీలోని బొమ్మ కోసం బ్రౌజర్ తనంతట తాను వేరే సర్వర్‌ను పలకరిస్తే అది మనకు తెలియదు. అలాంటి సందర్భాల్లో మొదటి సైటుతో సంబంధం లేని సర్వర్‌తో కుకీలు ఇచ్చిపుచ్చుకోకూడదని ఆ పత్రం శాసించింది. ఈ నియమాన్ని సడలించుకునే వెసులుబాటును బ్రౌజర్ తయారీదారు కావాలంటే ఇవ్వవచ్చు. అయితే ఆ వెసులుబాటు డిఫాల్ట్‌గా ఆపేసి ఉండాలి. మొత్తం వివాదానికి కీలకం ఆ ఒక్క షరతే. నిఘా కావాలనుకున్నవారు దాన్ని ఆన్ చేసుకోవాలి తప్ప, వద్దనుకున్నవారు వెతికి పట్టుకుని ఆఫ్ చేసుకోవలసిన అవసరం ఉండకూడదని దాని అర్థం.

ఆ పత్రంపై రచయితలుగా రెండు పేర్లున్నాయి. ఒకరు క్రిస్టల్, రెండోవారు మాంటుల్లి. తమ ఇంజనీరు పేరున్న ఆ ప్రమాణాన్ని నెట్‌స్కేప్ పాటించలేదు. ఆ సంస్థతో హోరాహోరీగా తలపడుతున్న మైక్రోసాఫ్ట్ కూడా, ఈ ఒక్క విషయంలో పోటీ పడకుండా, పాటించలేదు. కారణం అర్థం కానిదేమీ కాదు. నెట్‌స్కేప్ బ్రౌజర్‌ను దాదాపు ఉచితంగా పంచిపెట్టి, సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను వెబ్‌సైట్ల యజమానులకు అమ్ముకునేది. కాబట్టి దానికి డబ్బిచ్చే ఖాతాదారు సైటు యజమానే, పాఠకుడు కాదు. 1996లో పుట్టిన డబుల్‌క్లిక్ వంటి ప్రకటనల సంస్థల వ్యాపారమంతా అప్పటికే మూడో పక్షం కుకీ మీద నిలబడి ఉంది. పత్రం వెలువడగానే ఆ రంగం నుంచి గట్టి అభ్యంతరాలు వచ్చాయి. మొదటి సైటుకు చెందిన కుకీలను మాత్రమే అంగీకరించే ఐచ్ఛికాన్ని నెట్‌స్కేప్ తన నాలుగో వెర్షన్‌లో పెట్టింది. కానీ బ్రౌజర్ మాత్రం అన్ని కుకీలనూ అంగీకరించే సెట్టింగుతోనే జనం చేతికి వచ్చింది. నిబంధన ఉంది, మీట ఉంది, మీట మాత్రం తిరగేసి ఉంది.

నిబంధనను వదులుకోవడానికి క్రిస్టల్ బృందం ఒప్పుకోలేదు. 2000 అక్టోబరులో వచ్చిన సవరణ పత్రంలోనూ దాన్ని నిలిపే ఉంచారు. ప్రధాన బ్రౌజర్లు దాన్నీ పట్టించుకోలేదు. చివరకు 2011 ఏప్రిల్‌లో వచ్చిన మూడో పత్రం వాస్తవంగా జరుగుతున్నదానికే ప్రమాణం అని పేరు పెట్టి, మూడో పక్షం కుకీల సంగతిని బ్రౌజర్ తయారీదారుల విచక్షణకు వదిలేసింది.

1997 నిబంధనను నెట్‌స్కేప్ ఎందుకు పాటించలేదో మాంటుల్లి 2013లో వివరించారు. మూడో పక్షం కుకీని ఆపేస్తే ప్రకటనల సంస్థలు అదే పనికి మరో దారి వెతుక్కుంటాయనీ, వినియోగదారు చూడగలిగే, చెరిపేయగలిగే కుకీలా ఆ దారి ఉండదనీ ఆయన వాదం. తోసిపుచ్చదగ్గ వాదమేమీ కాదు. అయితే అదే వాదం తర్వాత ఎవరి నోట వినిపించిందో, ఎలా ముగిసిందో చూడాలి.

కుకీలను గంపగుత్తగా నిరోధిస్తే ఫింగర్‌ప్రింటింగ్ పెరుగుతుందని గూగుల్ 2019లో హెచ్చరించింది. స్క్రీన్ పరిమాణం, ఫాంట్లు, సమయ మండలం, గ్రాఫిక్స్ చిప్ ప్రవర్తన వంటి చిన్న చిన్న వివరాలను కలిపి ఒక పరికరాన్ని గుర్తుపట్టే పద్ధతి అది. అందులో చెరిపేయడానికి టోకెన్ అంటూ ఏదీ ఉండదు. అలా గుర్తుపట్టడం వినియోగదారు ఎంపికను కాలరాయడమేననీ, తప్పనీ గూగుల్ అప్పట్లో చెప్పింది. 2020 జనవరిలో మూడో పక్షం కుకీలను రెండేళ్లలో క్రోమ్ నుంచి తొలగిస్తామని మాట ఇచ్చింది. గడువు 2023 చివరకు, 2024కు, 2025 ఆరంభానికి జరుగుతూ పోయింది. 2024 జులైలో తొలగించడం మాని, వినియోగదారునే అడుగుతామంది. 2025 ఏప్రిల్‌లో అడగడం కూడా మానుకుంది. ఈ లోగా 2025 ఫిబ్రవరిలో తన ప్రకటనదారులకు ఫింగర్‌ప్రింటింగ్‌పై ఉన్న నిషేధాన్ని సడలించింది. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం దీన్ని బాధ్యతారాహిత్యమంటూ, గూగుల్ 2019 నాటి మాటలనే తిరిగి దానికి అప్పజెప్పింది. చెరిపేయలేని దారి రాకూడదని చెరిపేయగల దారిని కాపాడారు. చివరకు రెండూ మిగిలాయి.

ఇది అర్థం కావాలంటే మళ్లీ కొంచెం వెనక్కి వెళ్లాలి. డబుల్‌క్లిక్‌ను కొంటున్నట్టు గూగుల్ 2007 ఏప్రిల్‌లో ప్రకటించింది. ధర 310 కోట్ల డాలర్లు. 2008 మార్చిలో కొనుగోలు పూర్తయింది. అదే ఏడాది సెప్టెంబరులో క్రోమ్ విడుదలైంది. 1997లో బ్రౌజర్ తయారీదారు, ప్రకటనల సంస్థ రెండు వేర్వేరు కంపెనీలు; ఒకరి మీద మరొకరు ఒత్తిడి తేవలసి వచ్చేది. 2008 నాటికి ఇద్దరూ ఒకే కప్పు కిందికి చేరారు. ఆ డబుల్‌క్లిక్ మామూలు సంస్థ కూడా కాదు. తన కుకీ నంబర్లను, తాను కొన్న, జనం కొనుగోళ్ల వివరాలు సేకరించే అబాకస్ డైరెక్ట్ దగ్గరున్న పేర్లు, చిరునామాలతో జతచేయబోయి, అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు అందాక 2000 మార్చిలో వెనక్కి తగ్గింది. నంబరుకు పేరు తగిలించడం ఎంత సులభమో ఆనాడే తేలింది. అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్ఏ లక్ష్యాలను గుర్తించడానికి గూగుల్ కుకీనే వాడుకున్నట్టు 2013 డిసెంబరులో, ఆ సంస్థకు పనిచేసిన మాజీ కాంట్రాక్టు ఉద్యోగి ఎడ్వర్డ్ స్నోడెన్ వెల్లడించిన పత్రాలు బయటపెట్టాయి. ప్రకటనల కోసం పెట్టిన టోకెన్ ప్రకటనలకే పరిమితమవుతుందని నమ్మినవారికి అది సమాధానం.

1997 నిబంధన అమలు చేయడం కుదరని ఆదర్శమేమీ కాదని చెప్పడానికి ఉదాహరణ పక్కనే ఉంది. యాపిల్ సఫారీ 2003లో వచ్చినప్పటి నుంచీ మనం వెళ్లని సైట్ల కుకీలను డిఫాల్ట్‌గా తిరస్కరిస్తూనే ఉంది. 2020 మార్చి నుంచి పూర్తిగా నిరోధిస్తోంది. ఆ కట్టడిని దొడ్డిదారిన దాటినందుకు గూగుల్ 2012లో 2.25 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. ఫైర్‌ఫాక్స్ 2013లో అదే పని చేయబోయి, ప్రకటనల రంగం గొడవ చేయడంతో ఆగిపోయి, 2019 సెప్టెంబరులో గానీ తెలిసిన ట్రాకర్ల కుకీలను అందరికీ డిఫాల్ట్‌గా ఆపలేకపోయింది. ఈ రెండు బ్రౌజర్లలోనూ బ్యాంకు సైట్లు తెరుచుకుంటూనే ఉన్నాయి.

ప్రకటనల రంగం వాదన కూడా ఉంది. ఉచితంగా చదివే వార్తలకు డబ్బు ప్రకటనల నుంచే వస్తుందనీ, కుకీలు పోతే చిన్న ప్రచురణకర్తలు దెబ్బతిని, సొంత లాగిన్ ఖాతాలున్న పెద్ద కంపెనీలే బాగుపడతాయనీ వారంటారు. ఇదే భయంతో బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ 2022 ఫిబ్రవరిలో గూగుల్ నుంచి హామీలు తీసుకుంది. యూరప్ తాజా ప్రతిపాదన కూడా బ్రౌజర్ సంకేతాన్ని పాటించే బాధ్యత నుంచి వార్తా మాధ్యమాలను మినహాయించింది. అది యూరోపియన్ పార్లమెంటు, సభ్యదేశాల మండలి ఆమోదం పొందవలసి ఉంది.

మన సంగతికొస్తే, 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో కుకీ అనే మాటే లేదు. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, ఏ షరతూ లేకుండా, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలని ఉంది. అనుమతి కోరే వివరణను ఇంగ్లీషులో గానీ, తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలని ఉంది. 18 ఏళ్ల లోపువారిని ట్రాక్ చేయడం, వారికి గురిపెట్టి ప్రకటనలు ఇవ్వడం సాధారణంగా నిషిద్ధం. చట్టంలోని వివిధ ఉల్లంఘనలకు జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. ఇవి చిన్న విషయాలు కావు. కానీ అడిగే బాధ్యత సైటుదే, జవాబు చెప్పే శ్రమ పాఠకుడిదే. అంటే కుకీలకు ముందే అనుమతి అడగాలన్న 2009 సవరణతో యూరప్ మొదలుపెట్టి, ఇప్పుడు విసిగిపోయి వదిలించుకోవాలని చూస్తున్న దారిలోకే మనం తెలుగు అనువాదంతో అడుగుపెడుతున్నాం. బ్రౌజర్ ఏ సెట్టింగుతో రావాలన్న దానిపై చట్టంలో గానీ నియమాల్లో గానీ ఒక్క మాట లేదు. సమ్మతి మేనేజర్లు అనే మధ్యవర్తి సంస్థల ఏర్పాటు నియమాలు వచ్చిన ఏడాదికి, ప్రధాన నిబంధనలు 18 నెలలకు, అంటే 2027 మేలో, అమల్లోకి వస్తాయి.

అప్పటిదాకా పని మన వేలి మీదే ఉంది. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో గోప్యత, భద్రత విభాగంలోకి వెళ్తే థర్డ్ పార్టీ కుకీల పేజీ వస్తుంది. అక్కడ ముందే ఎంపికై ఉండేది, ఇన్‌కాగ్నిటోలో, అంటే చూసిన పేజీల చరిత్రను దాచుకోని ప్రత్యేక విండోలో, మాత్రమే వాటిని నిరోధించే ఐచ్ఛికం. మామూలు బ్రౌజింగ్‌లోనూ నిరోధించే ఐచ్ఛికం దాని పక్కనే, ఎంపిక కాకుండా ఉంటుంది.