మోదుగుపువ్వుకు వాసన ఎందుకు లేదు?

ఉగాదికి రెండు మూడు వారాల ముందు కర్నూలు నుంచి ఆత్మకూరు మీదుగా శ్రీశైలం దారి పట్టండి. నల్లమలలో అప్పటికే చాలా చెట్లు ఆకు రాల్చేసి బోసిగా నిలబడి ఉంటాయి. అడుగు వేస్తే ఎండుటాకుల చప్పుడు. అలాంటి చోట మలుపు తిరగ్గానే మోదుగు కనిపిస్తుంది. ఒక్క ఆకు ఉండదు, కొమ్మకొమ్మకూ నిప్పు రంగు పూలు. ఉగాదికి మల్లన్న దర్శనం కోసం కర్ణాటక నుంచి కాలినడకన వచ్చే భక్తులు ఈ అడవిలో నుంచే పోతారు. వాళ్లలో ఒక ముసలమ్మ రాలిన పువ్వును ఏరి కళ్లకు అద్దుకోవడం నేను చూశాను.

మోదుగుకు మన పెద్దలు ఇచ్చిన అర్థాలు చాలా ఉన్నాయి. పువ్వు చిలుక ముక్కులా వంగి ఉంటుంది కాబట్టి సంస్కృతంలో కింశుకం అన్నారు, అంటే ‘ఇది చిలుకా ఏమి?’ అని. దాని పుల్లలు యజ్ఞానికి సమిధలు. ఒడుగులో వటువు చేతికిచ్చే దండం మోదుగు కర్ర. ఇంత గౌరవమిచ్చి ఒక మాట కూడా అన్నారు. ఎంత అందగాడైనా చదువు లేనివాడు వాసన లేని మోదుగుపువ్వుతో సమానమట. బడిలో ఈ పోలిక విన్న నాటి నుంచి అది నాకు మింగుడు పడలేదు. చదువు సంగతి సరే, మధ్యలో పువ్వు చేసిన తప్పేమిటి?

పువ్వుకు వాసన ఒక పిలుపు. చుట్టం ఎవరో చూసుకుని పిలుపు పంపుతుంది పువ్వు. తేనెటీగలకూ రాత్రిపూట తిరిగే చిమ్మటలకూ వాసన ఎంతో దూరం నుంచి తెలుస్తుంది. మోదుగు ముఖ్యంగా పిలిచేది పిట్టలను. తేనెపిట్ట, గోరింక, పిగిలిపిట్ట పూల దగ్గరికి వచ్చేది వాసన పట్టుకుని కాదు, రంగు చూసి. ఎరుపు వాటి కంటికి బాగా ఆనుతుంది. తేనెటీగకు మాత్రం ముదురు ఎరుపు దాదాపు నలుపే. రంగు కాగితాల మీద చక్కెర నీళ్లు పెట్టి, తేనెటీగలకు ఏ రంగు తెలుస్తుందో 1910ల్లో పరీక్షించి తేల్చినవాడు కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త. తేనెటీగల మీద జీవితమంతా పనిచేసిన ఆయనకు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. పిట్టల కోసం పూసే పూలకు చాలావరకు వాసన ఉండదు, తేనె మాత్రం దండిగా ఉంటుంది. అదీ పలచని తేనె. మార్చి ఎండలో పిట్టకు ఆకలీ దప్పికా ఒకేసారి తీరతాయి. అది తలదూర్చినప్పుడు చిలుకముక్కు రేకు వంగి, లోపలి పుప్పొడి గొంతు ఈకలకు అంటుకుంటుంది. అక్కడి నుంచి ఇంకో చెట్టుకు. ఉడుతలు కూడా ఈ పని చేస్తాయి.

ఆకు లేకుండా పూయడంలో కూడా లెక్క ఉంది. ఆకులు రాలిపోతే వాటి గుండా ఆవిరైపోయే నీళ్లు మిగులుతాయి. లోతు వేర్లు తెచ్చిన తడితో మాను మళ్లీ నిండుతుంది, మొగ్గ విచ్చడానికి ఆ నీళ్లు చాలు. అడ్డం లేదు కాబట్టి పూలు దూరానికి కూడా కనిపిస్తాయి. చివర ఒకే గింజ ఉండే తేలికపాటి కాయలు ఎండాకాలం గాలికి ఎగిరిపోయి, వానలు పడేసరికి నేల మీద సిద్ధంగా ఉంటాయి.

అదే రోజుల్లో రాతి గుట్టల మీద కొండగోగు పూస్తుంది. అరచేయంత పసుపు పూలు, అక్కడా ఆకు ఉండదు. ఈ పువ్వులో తేనె లేదు, ఇచ్చేది పుప్పొడి ఒక్కటే. అదీ ఊరికే రాలదు. పుప్పొడి సంచి కొనకు సన్నటి చిల్లు ఉంటుంది, ఉప్పు చల్లే డబ్బా మూతకు ఉన్నట్టు. తుమ్మెద వచ్చి సంచులను కాళ్లతో గట్టిగా పట్టుకుంటుంది. రెక్కలు ఆడించకుండా, ఎగరడానికి వాడే కండరాలను మాత్రం వణికిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి చిమ్ముతుంది. దగ్గరగా నిలబడి వింటే ఎగిరేటప్పటి రొద కన్నా ఆ మోత సన్నగా, పైస్థాయిలో ఉంటుంది. తుమ్మెద పాటను మన కవులు ప్రేమికుడి గొంతుగా విన్నారు. నేను కూడా అలాగే వినేవాణ్ని. ఈ సంగతి తెలిశాక ఆ పాట నాకు ఇంకా తియ్యగా ఉంది. తేనెటీగలకు ఈ విద్య రాదు. తంగేడు పువ్వుకూ ఇదే పద్ధతి కాబట్టి, అడవి దాకా పోలేనివాళ్లు అనంతపురం చుట్టుపక్కల ఏ బీడులోనైనా వినొచ్చు.

మల్లె కథ వేరు. కదిరి మల్లెలు పేరున్నవి. మధ్యాహ్నం మొగ్గలుగా కోసి మూర కట్టి అమ్మితే రాత్రికి జడలో విచ్చుకుంటాయి. వాటి పరిమళం మొగ్గలో దాచిపెట్టి ఉండదు, విచ్చేటప్పుడు తయారవుతుంది. కోసినా ఆ పని ఆగదు. తెల్లని రంగూ చీకటి వేళ వాసనా చిమ్మటల కోసం ఏర్పడ్డవి. కానీ మన తోటల్లోని బొడ్డుమల్లె, గుండుమల్లె కాయ కాయడం అరుదు. కొమ్మ నాటి పెంచేది మనమే. పెళ్లికీ మొదటి రాత్రికీ మల్లెను గుర్తుగా పెట్టుకున్న మనుషులే చిమ్మట చేయాల్సిన పని చేస్తున్నారు.

ఇవన్నీ చూడాలంటే పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. పొద్దున ఏడు లోపల ఒక మోదుగు కింద అరగంట కదలకుండా కూర్చుంటే చాలు. సాయంత్రమైతే వేపచెట్టు. మా జేజి ఉగాది ముందు రోజు వేప కింద పాత చీర పరిచి పూత దులిపేది. పొద్దు గూకాక ఆ చీర నిండా తేనె వాసన. మర్నాడు పచ్చడిలో అదే పువ్వు చేదు. వాసన తేనెటీగలను పిలవడానికి, చేదు తినే నోళ్లను ఆపడానికి. చిన్నప్పుడు నాకు ఇవేవీ తెలియవు. చీర అంచు పట్టుకుని పూలు ఒక చోటికి పోగు చేసేవాణ్ని, రాత్రి పడుకునేటప్పుడు చేతులకు ఇంకా ఆ వాసనే ఉండేది.