కనిపించని కుర్చీ, కనిపించే గీతలు

మాంబళం, కోడంబాక్కం వైపు పాత ఫ్లాట్లలో ఒక సోఫా, ఒక టీవీ పెడితే హాలు నిండిపోతుంది. అలాంటి ఇళ్లలోకి ఈమధ్య పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ టీపాయ్‌లు, కుర్చీలు వస్తున్నాయి. చెన్నైలో మన తెలుగువాళ్లు ఎవరింటికి వెళ్లినా వీటి గురించి రెండు మాటలు వినబడతాయి: గది పెద్దగా కనిపిస్తుందట, గీతలు తొందరగా పడతాయట. రెండూ నిజమే. రెండింటికీ మూలం ఒకటే.

ఒక వస్తువు మన కంటికి కనబడాలంటే అది వెలుతురును పీల్చుకోవాలి, చెదరగొట్టాలి, లేదా తిప్పి పంపాలి. ఈ టీపాయ్‌లు చేసే ప్లాస్టిక్ పేరు అక్రిలిక్. అది ఈ మూడూ చాలా కొద్దిగానే చేస్తుంది. దాని వక్రీభవన గుణకం, అంటే వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.49. ఆ లెక్కన నిటారుగా పడిన వెలుతురులో పైతలం దగ్గర సుమారు 4 శాతం, అడుగుతలం దగ్గర మరో 4 శాతం వెనక్కి మళ్లుతుంది. మిగిలిన 92 శాతం అవతలికి దాటిపోతుంది. అందుకే టీపాయ్ కింద గచ్చు, చాప, పిల్లలు వదిలేసిన బొమ్మ అన్నీ కనబడుతూనే ఉంటాయి. చూపు ఎక్కడా ఆగకపోతే గది ఖాళీగా ఉన్నట్టు అనిపిస్తుంది. చదరపు అడుగులు పెరగవు కానీ ఇరుకు అనే టెన్షన్ మాత్రం తగ్గుతుంది.

ఈసారి అలాంటి బల్ల దగ్గర వంగి, అంచును పక్కనుంచి చూడండి. మిగతా బల్లంతా కనిపించీ కనిపించకుండా ఉంటే అంచు మాత్రం తళతళలాడుతుంది. లోపలికి దూరిన వెలుతురు సుమారు 42 డిగ్రీలకు మించిన కోణంలో తలాన్ని తాకితే బయటికి రాలేదు. అదే సంపూర్ణాంతర పరావర్తనం. అలా లోపలే ఎగిరెగిరి వెళ్లి అంచు దగ్గర బయటపడుతుంది.

గీత కూడా ఒక చిన్న అంచే. నునుపైన తలం మీద వెలుతురును చెదరగొట్టేది అదొక్కటే కాబట్టి వెంటనే కంటపడుతుంది. టేకు బల్ల మీద అంతే లోతు గీత పడినా చెక్క చారల్లో కలిసిపోతుంది. వాడిన అక్రిలిక్ బల్లను రాత్రి బల్బు కింద చూస్తే బల్బు ప్రతిబింబం చుట్టూ సన్నటి గీతలు వలయాలుగా తిరిగినట్టు కనిపిస్తాయి. నిజానికి గీతలు అన్ని దిక్కులా ఉంటాయి. వాటిలో వెలుతురును మన కంటివైపు పంపగలిగినవి మాత్రమే మెరుస్తాయి. తల కొంచెం జరిపితే వలయాలు కూడా జరుగుతాయి.

ఆ గీతల్లో చాలావాటికి కారణం మనం తుడిచే పద్ధతే. వీధి దుమ్ములో క్వార్ట్జ్ రేణువులుంటాయి. అవి గాజునే గీయగలవు, ప్లాస్టిక్ ఒక లెక్కా! పొడిగుడ్డతో తుడిస్తే ఆ రేణువులతో రుద్దినట్టే. పైగా రాపిడికి స్థిర విద్యుత్తు పుట్టి ఇంకా దుమ్మును లాగుతుంది. చెన్నై గాలిలోని తేమకు ఆ విద్యుత్తు త్వరగానే జారిపోతుంది. ఏసీ గదిలో పొడిగాలి వల్ల అది నిలబడిపోతుంది. ముందు నీళ్లతో దుమ్మును కడిగేసి, తర్వాత రెండు చుక్కల సబ్బునీటితో మెత్తటి తడిగుడ్డ పెట్టి తుడవాలి.

అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రావణాలు, శానిటైజర్, గోళ్లరంగు తుడిచే ద్రవం దీని దగ్గరికి రానివ్వకండి. ఎందుకో తెలియాలంటే సైన్‌బోర్డులు చేసే కొట్టులో కాసేపు నిలబడాలి. అక్కడ రెండు అక్రిలిక్ ముక్కలను ఆనించి పట్టుకుని, సిరంజితో సందు వెంబడి క్లోరోఫామ్ వదులుతారు. నీళ్లలా పల్చటి ఆ ద్రవం సందులోకి తనంతట తానే పాకుతుంది, రెండు ముఖాలనూ కాస్త కరిగించి, ఆరేసరికి ఒకటి చేసేస్తుంది. అతికించే గుణమే ఇంకో రూపంలో పాడుచేసే గుణం. వంచిన చోట, స్క్రూ బిగించిన చోట ప్లాస్టిక్‌లో ఒత్తిడి దాగి ఉంటుంది. అక్కడ ఆల్కహాల్ తగిలితే జుట్టుకన్నా సన్నటి పగుళ్లు గుంపుగా లేస్తాయి. వాటిని ఎంత తుడిచినా పోవు.

చరిత్రలో దీని దారి చిత్రమైనది. జర్మనీలో ఓటో రోమ్ సంస్థ 1933లో దీన్ని ప్లెక్సిగ్లాస్ పేరుతో తెచ్చింది. బ్రిటన్‌లో పెర్‌స్పెక్స్ అన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల్లో పైలట్ కూర్చునే చోటి పైకప్పులకు వాడారు. అవి పగిలి, ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని భరించడం హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు గమనించి, 1949లో లండన్‌లో అదే పదార్థంతో చేసిన లెన్సును మొదటిసారి కంటిలో అమర్చాడు. శుక్లాల ఆపరేషన్ తర్వాత మన పెద్దవాళ్ల చూపు తిరిగి రావడం వెనక ఈ ప్లాస్టిక్ ఉంది. అయితే ఆపరేషన్‌కు ముందు, మసక చూపుతో రాత్రి బాత్‌రూమ్‌కు లేచే తాతయ్యకు ఈ బల్లే అసలైన ప్రమాదం. పరుగెత్తే పిల్లలకూ అంతే. దారిలో అస్సలు పెట్టొద్దు. పెట్టక తప్పకపోతే అంచుల వెంట రంగు టేపు అంటించండి. అందం తగ్గినా సరే.

కుర్చీల సంగతి వేరు. వాటికి పాలీకార్బనేట్ మేలు. 1953లో బేయర్ సంస్థలో హెర్మన్ ష్నెల్ తయారుచేసిన ఈ ప్లాస్టిక్ దెబ్బకు అంత తేలిగ్గా పగలదు. ఫిలిప్ స్టార్క్ అనే డిజైనర్ 2002లో కార్టెల్ అనే ఫర్నిచర్ సంస్థ కోసం గీసిన లూయీ గోస్ట్ కుర్చీ మొత్తం ఒకే అచ్చులో దీనితోనే పోసినది. కాకపోతే ఎండకు రక్షణ కలపని పాలీకార్బనేట్ పసుపెక్కుతుంది. బాల్కనీలో పెట్టాలంటే ఆ విషయం అడిగి కొనండి. చవకగా దొరికే కొన్ని వస్తువులు పాలీస్టైరీన్‌వి. వేలితో కొడితే రేకులా టింగుమంటాయి, పడితే పగులుతాయి. వాటి మీద మనిషి బరువు పెట్టకూడదు.

చెన్నైకి ఇవి పనికొచ్చే విషయాలు కూడా ఉన్నాయి. ఉప్పుగాలికి తుప్పు లేదు, చెదలు లేవు. 2015 డిసెంబరు వరదల్లో నీళ్లలో నానిన ప్లైవుడ్ ఉబ్బి విడిపోయింది. అక్రిలిక్‌కు ఆ భయం లేదు, కడిగి వాడుకోవచ్చు. బరువూ తక్కువే: నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక 10 కిలోలకు కాస్త పైన తూగుతుంది, అదే కొలత గాజు 20 కిలోలు దాటుతుంది. కానీ గాజుతో పోలిస్తే వంగే గుణం ఇరవై రెట్లకు పైనే. పుస్తకాల అరగా పెడితే నెలలు గడిచేకొద్దీ నడుం జారుతుంది.

వేడి దగ్గర మాత్రం నేను రాజీపడను. అక్రిలిక్ 105 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, అంతకు ముందే ఆకారం మారడం మొదలవుతుంది. పొయ్యి మీంచి దించిన బాణలి దానికి తగలకూడదు. అది మండే పదార్థం కూడా, దీపం కుందె దాని మీద వద్దు. కాబట్టి భోజనాల బల్లగా నేను ఒప్పుకోను. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో గాలి ఆడని కుర్చీలో కూర్చుంటే చొక్కా వీపుకు అతుక్కుపోతుంది. రోజంతా కూర్చునే చోటుకు పేము కుర్చీయే సుఖం. ప్లాస్టిక్‌ది వచ్చిపోయేవాళ్లకు చాలు.

ఇక పారేయడం గురించి. అక్రిలిక్‌ను బాగా వేడిచేస్తే మళ్లీ దాని మూల రసాయనంగా విడగొట్టవచ్చు, కానీ అది కార్ఖానాలో జరిగే పని. ఇంటి చెత్తలో వేస్తే కొడుంగయ్యూరు లాంటి చెత్తగుట్టకు చేరుతుంది. గీతలు పడినంత మాత్రాన అక్రిలిక్ బల్లను వదిలేయకండి. వాటర్ పేపర్ అనే సన్నటి గరుకు కాగితంతో తడిగా రుద్ది మెరుగు పెడితే చాలావరకు మళ్లీ తేటపడుతుంది, సైన్‌బోర్డు కొట్టువాళ్లలో ఈ పని తెలిసినవాళ్లు ఉంటారు.