సూపర్‌హీరో సినిమా గురించి మనవాళ్ల అపోహలు - ప్రొజెక్టర్ రూమ్ నుంచి వాస్తవాలు

పాలమూరులో ఒక సింగిల్ స్క్రీన్ థియేటర్‌లో ప్రొజెక్టర్ నడుపుతాను. రీళ్లు పోయి సర్వర్లు వచ్చినా పని మాత్రం అదే, బొమ్మ సరిగ్గా పడాలి, మాట స్పష్టంగా వినపడాలి. పెద్ద సూపర్‌హీరో సినిమా పడిందంటే దేవరకద్ర, కోయిలకొండ, జడ్చర్ల నుంచి పిల్లగాళ్లు గుంపులుగా దిగుతారు. షో అయ్యాక పార్కింగ్‌లో నిలబడి వాళ్లు మాట్లాడుకునేది వింటుంటాను, నా దగ్గరికొచ్చి అడిగేవాళ్లూ ఉంటారు. అందులో కొన్ని మాటలు ఎప్పుడూ తప్పుగానే నడుస్తున్నాయి, అందుకే రాస్తున్నా.

అపోహ: గ్రాఫిక్స్ అదిరితే చాలు, అంచనాలు అందుకున్నట్టే.

వాస్తవం: కాదు. 'హను-మాన్' సంగతే చూడండి. 2022 నవంబర్‌లో టీజర్ వచ్చినప్పటి నుంచే దాని మీద ఆశలు పెరిగిపోయాయి. 2024 జనవరి 12న, సంక్రాంతికి, 'గుంటూరు కారం' వచ్చిన రోజే విడుదలైంది కాబట్టి మొదట్లో దానికి థియేటర్లు దొరకడమే కష్టమైంది, తర్వాత జనం ఆదరణ చూసి పెంచారు. అంత ఆశతో వచ్చినవాళ్లు తృప్తిగా ఎందుకు పోయారంటే, నాకు కనిపించిన పెద్ద కారణం ఆ సినిమా తను పెట్టిన రూలును తను తప్పలేదు. అంజనాద్రిలో చిల్లర దొంగతనాలు చేసుకుంటూ తిరిగే హనుమంతుకు మణి దొరుకుతుంది, కానీ దాని శక్తి పగలు ఎండ ఉన్నంతసేపే. పొద్దుగూకితే వాడు మళ్లీ మామూలు మనిషి. ఈ ఒక్క షరతుతోనే ప్రతి ఫైటుకూ టెన్షన్ వచ్చింది. ఒక షోకి హాల్లోకి దిగి వెనక నిలబడి చూశాను, ముందు వరసల్లో పిల్లలు "చీకటి పడితే ఎట్లరా" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. సినిమా వాళ్లకు అంత బాగా ఎక్కింది.

ఇంకో సంగతి, విలన్ మైకేల్‌కు చిన్నప్పటి నుంచి సూపర్‌హీరో కావాలన్న పిచ్చి. హనుమంతుకు ఆ కోరికే లేదు, అయినా శక్తి వచ్చి వాడి చేతిలో పడింది. కోరుకున్నవాడికి దొరకనిది కోరనివాడికి దొరికితే ఎట్లుంటుందన్న గొడవ ఏ ఊళ్లోవాళ్లకైనా అర్థమవుతుంది. అది గట్టిగా ఉంది కాబట్టే గ్రాఫిక్స్ ఎక్కడైనా కాస్త తగ్గినా జనం పట్టించుకోలేదు.

అసలు పెద్ద పెద్ద సీన్లన్నీ కంప్యూటర్‌లోనే పుడతాయన్నది కూడా నిజం కాదు. 2008లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ సినిమా 'ది డార్క్ నైట్'లో నడిరోడ్డు మీద పెద్ద ట్రక్కు నిలువుగా లేచి తిరగబడుతుంది కదా, షికాగోలో నిజం ట్రక్కునే కింద పిస్టన్ పెట్టి లేపారు. ఆసుపత్రి పేలేది కూడా నిజం బిల్డింగే, మూతపడిన ఒక మిఠాయి ఫ్యాక్టరీ. అందులో విలన్ జోకర్‌గా హీత్ లెడ్జర్‌ను తీసుకున్నప్పుడు చాలామంది అభిమానులు పెదవి విరిచారు, చివరికి ఆయన చనిపోయాక అదే పాత్రకు ఆస్కార్ వచ్చింది.

అపోహ: సౌండ్ ఎంత పెంచితే అంత కిక్కు.

వాస్తవం: "అన్నా, సౌండ్ పెంచన్నా" అని క్యాబిన్ తలుపు కొట్టని షో ఉండదు. సౌండ్ ప్రాసెసర్‌లో 7 అనే అంకె ఉంటుంది, మిక్సింగ్ చేసినవాళ్లు విన్న స్థాయి అది. మా దగ్గర చాలా హాళ్లు అంతకంటే తక్కువలోనే నడుస్తాయి, ఎందుకంటే స్పీకర్లు తట్టుకోవాలి, ముందు వరసల వాళ్ల చెవులూ తట్టుకోవాలి. కానీ నేను పెంచకపోవడానికి అసలు కారణం వేరే. హీరో ఎంట్రీకి ముందు డైరెక్టర్ కావాలనే నిశ్శబ్దం పెడతాడు, ఆ తర్వాత పడే దెబ్బ ఆ నిశ్శబ్దం వల్లే పెద్దగా అనిపిస్తుంది. మొదటి నుంచీ హోరెత్తిస్తే క్లైమాక్స్‌కు ఇవ్వడానికి ఇంకేమీ మిగలదు. డైలాగులన్నీ దాదాపు మధ్య స్పీకర్ నుంచే వస్తాయి కాబట్టి, మాట తెలియట్లేదంటే అన్నీ పెంచడం కాదు, ముందు ఆ స్పీకర్ సంగతి చూడాలి.

అపోహ: సినిమానే చీకట్లో తీశారు, మొహాలే కనపడలేదు.

వాస్తవం: సగం సార్లు తప్పు మాదే, అంటే థియేటర్లది. టూడీ సినిమాకు తెర మీద 14 ఫుట్‌ల్యాంబర్ట్ (తెర వెలుగును కొలిచే లెక్క) వెలుగు పడాలన్నది ప్రమాణం. ప్రొజెక్టర్‌లో బొమ్మకు వెలుగిచ్చే జెనాన్ ల్యాంప్ పాతబడుతున్నకొద్దీ వెలుగు తగ్గుతుంది, ఖర్చు చూసుకుని కొన్నిచోట్ల మార్చడం ఆలస్యం చేస్తారు. మామూలు ఫ్యామిలీ సినిమాలో అది తెలియదు, రాత్రిపూట ఫైట్లుండే సూపర్‌హీరో సినిమాలోనే దొరికిపోతుంది. త్రీడీ అయితే ఒక్కో కంటికి వెళ్లే వెలుగు ఇంకా తగ్గిపోతుంది, అద్దాలు కూడా కొంత తినేస్తాయి. దాని కోసం వేసిన సిల్వర్ తెర మీద టూడీ బొమ్మ వేస్తే నడుమ తెల్లగా మెరిసి పక్కలు మబ్బుగా ఉంటాయి, కాబట్టి అలాంటి హాల్లో మధ్య సీట్లే అడిగి తీసుకోండి. త్రీడీ టికెట్ ఎక్కువ కాబట్టి బొమ్మ కూడా ఎక్కువ బాగుంటుందనుకోకండి.

అపోహ: హైదరాబాద్ పోయి చూస్తేనే సినిమా, ఇక్కడ చూస్తే సగమే.

వాస్తవం: ల్యాంప్, తెర, స్పీకర్లు బాగుంటే ఇక్కడా బాగుంటుంది. అంతే.

అపోహ: షో లేటయితే థియేటర్‌వాళ్లు కావాలనే ఆపారు.

వాస్తవం: సినిమా ఫైలు ముందే వచ్చినా తాళం వేసి ఉంటుంది. దాన్ని తెరిచే కీ మా సర్వర్‌కే పనికొస్తుంది, అది కూడా ఫలానా టైం నుంచి ఫలానా టైం వరకే. పెద్ద సినిమాలకు అది ఆఖరి నిమిషంలో వచ్చిన సందర్భాలున్నాయి. గేటు దగ్గర పనిచేసే మా పిల్లగాళ్లను తిట్టి లాభం లేదు.

అపోహ: పేర్లు పడ్డాయంటే సినిమా అయిపోయినట్టే.

వాస్తవం: 2008 'ఐరన్ మ్యాన్' నుంచి మార్వెల్ సినిమాల్లో పేర్ల తర్వాత ఒక సీను ఉండటం అలవాటైంది. 2019 'ఎండ్‌గేమ్'లో మాత్రం సీను లేదు, పేర్లు అయ్యాక ఇనుము మీద సుత్తి దెబ్బల చప్పుడే వినపడింది, మొదటి ఐరన్ మ్యాన్ గుహలో కవచం తయారుచేసుకున్న సీనును గుర్తుచేస్తూ. అది విందామని కూర్చున్నవాళ్లుంటే హాల్లో లైట్లు వెయ్యొద్దని థియేటర్‌లో పనిచేసే మా పిల్లలకు చెప్పి పెట్టాను. తర్వాతి షోకు ఊడ్చే టైం కాస్త తగ్గుతుంది, అయినా ఆగుతాం. మీ ఊళ్లో పేర్లు పడగానే లైట్లు వేస్తే వెళ్లి అడగండి, టికెట్ డబ్బుల్లో అది కూడా ఉంది.