చలికాలం, చైనా వైద్యం, అరికాళ్ళలో తూములు

ఒక పాఠకురాలు రాశారు: "మా అబ్బాయి చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. ఉత్తరాన, బాగా చలి ఊరు. హాస్టల్లో చైనా పిల్లలు రోజూ రాత్రి ఫ్లాస్కుల్లో వేడినీళ్ళు మోసుకొచ్చి, ప్లాస్టిక్ టబ్బులో పోసుకుని, కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారట. కిడ్నీలకు మంచిదని చెప్పి మావాడిచేత కూడా చేయిస్తున్నారు. అరికాలికీ కిడ్నీకీ ఏం సంబంధమండీ? చేయనివ్వచ్చా?"

నిక్షేపంలా చేయనివ్వండి. కిడ్నీ సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేలేది కాదు.

చైనా సంప్రదాయ వైద్యానికి మూలగ్రంథం 'హువాంగ్‌డీ నైజింగ్'. సుమారు రెండు వేల ఏళ్ళ నాటిది. అందులో ఋతువుల గురించి ఒక అధ్యాయం ఉంది. చలికాలం మూడు నెలలూ తలుపులు మూసి దాచుకునే కాలం అంటుందది. నీళ్ళు గడ్డకట్టి నేల బీటలు వారే రోజుల్లో ఒంట్లోని యాంగ్‌ని, అంటే వేడినీ చురుకునీ, కదిలించకూడదు. పెందలాడే పడుకోవాలి, పొద్దెక్కాకే లేవాలి. కోరికల్ని కూడా లోపలే దాచుకోవాలి. చెమట పట్టించుకుని చర్మం గుండా వేడిని పోగొట్టుకోకూడదు. మాట వినకపోతే దెబ్బ కిడ్నీలకు తగులుతుంది, వసంతం వచ్చేసరికి మనిషి నీరసిస్తాడు. యిన్ ఏమిటి, యాంగ్ ఏమిటి, ఐదు మూలకాలు ఎలా తిరుగుతాయి అన్న పాఠం ఇక్కడ చెప్పబోవడం లేదు. ఆ పట్టికలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, నాకవి చచ్చేంత విసుగు.

ఇదే కాలం గురించి మన ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు దాదాపు తలకిందులుగా చెప్పాడు. హేమంతంలో చలి బయటినుంచి కట్టడి చేయడంతో జఠరాగ్ని లోపల బాగా రాజుకుంటుంది, మనిషికి బలం ఎక్కువ ఉంటుంది, కాబట్టి కడుపునిండా తినండి, నూనె రాసుకోండి, కుస్తీ పట్టండి, దాంపత్య సుఖానికీ అడ్డు లేదు అన్నాడు. చలికి వేడి లోపలే ఉండిపోతుందని ఇద్దరూ గమనించారు. ఒకరు దాచుకోమన్నారు, ఒకరు వాడుకోమన్నారు. నాకు తోచిన కారణం భూగోళం. డిసెంబరు 21న బీజింగ్‌లో పగలు 9 గంటల 20 నిమిషాలే, హైదరాబాద్‌లో 11 గంటల పైనే. జనవరిలో ఉత్తర చైనా సున్నా డిగ్రీల కింద ఉంటుంది. అక్కడ పొలంలో పనుండదు, గాదెలో ఉన్నదే తిండి. అలాంటి చోట 'ఖర్చుపెట్టొద్దు' అనడం వైద్యమూ, ఇంటి లెక్కా కూడా.

ఇక కిడ్నీ. చైనా వైద్యంలో ఆ పేరుతో పిలిచేది మన నడుము వెనక మూత్రం వడపోసే అవయవమొక్కటే కాదు. ఎదుగుదల, ఎముకలు, చెవులు, సంతానశక్తి, భయం, చలికాలం అన్నీ దాని ఖాతాలోనే ఉన్నాయి. ఆ ఖాతాకి చెందిన నాడి అరికాలి మధ్యలో, ముందుపాదం కింద ఉండే గుంటలో మొదలవుతుందని వాళ్ళ పటం చెబుతుంది. ఆ బిందువు పేరు యొంగ్‌చ్వాన్. అందుకే కాళ్ళు కాచుకుంటే కిడ్నీకి మంచిదన్న మాట వచ్చింది. 1950ల చివర్లో షాంఘైలో షెన్ జీయిన్ అనే వైద్యుడు 'కిడ్నీ యాంగ్' తగ్గిందని సంప్రదాయ వైద్యులు తేల్చిన రోగుల మూత్రం పరీక్షిస్తే, అడ్రినల్ గ్రంథి స్టెరాయిడ్లు విరిగాక మిగిలే పదార్థాలు తక్కువగా కనిపించాయి. ఆసక్తికరమైన సంగతే. అంతమాత్రాన అరికాలినుంచి మూత్రపిండానికి గొట్టం ఉన్నట్టు కాదు. అలాంటి గొట్టాన్ని ఎవరూ కోసి చూపించలేదు.

అయితే అరికాల్లో నిజంగానే ఒక విశేషం ఉంది. దాని గురించి చెప్పాలనే నాకు ఇంత ఉత్సాహం.

బడిలో రక్తప్రసరణ బొమ్మ గీయిస్తారు: ధమని, దాని చివర వలలా కేశనాళికలు, అక్కణ్ణుంచి సిర. బొమ్మ అక్కడితో అయిపోతుంది. ఇంటర్ దాకా జీవశాస్త్రం చదివినవాళ్ళు కూడా ఆ వలని తప్పించుకుపోయే దారి ఒకటుందని వినరు. అరచేతులు, అరికాళ్ళు, వేళ్ళు, చెవులు, ముక్కు, పెదవులు: ఈ చోట్ల చర్మం కింద చిన్న ధమని నుంచి చిన్న సిరకు నేరుగా కలిపే అడ్డనాళాలు ఉంటాయి. శాస్త్రజ్ఞులు ఆర్టీరియోవీనస్ అనాస్టమోసిస్ అంటారు. మనం తూము అందాం.

గోదావరి డెల్టా తెలిసినవాళ్ళకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పంట కాలువ ధమని. దాన్నుంచి పొలాల్లోకి పారే బోదెలు కేశనాళికలు. పొలం తడిపి మిగిలిన నీళ్ళు పడే మురుగు కాలువ సిర. బోదెలు సన్నం, నీళ్ళు మెల్లగా పారతాయి. పొలానికి కావలసింది అదే. వరదొచ్చినప్పుడు మాత్రం అంత నీరు బోదెల్లో పట్టదు. అప్పుడు కాలువల షట్టర్లు చూసుకునే లస్కరు వచ్చి, కాలువనుంచి మురుగు కాలువలోకి నేరుగా పోయే మిగులు తూము షట్టరు ఎత్తేస్తాడు. ఒంట్లో వరదంటే నీళ్ళు కావు, వేడి.

తూము ఎంత వెడల్పో చూడండి. కేశనాళిక వ్యాసం 5 నుంచి 10 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అడ్డనాళం బాగా తెరుచుకుంటే 25 నుంచి 100 మైక్రాన్ల పైదాకా ఉంటుంది. గొట్టంలో ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. ఒత్తిడీ పొడవూ మారకుండా వ్యాసార్ధం రెట్టింపైతే ప్రవాహం 16 రెట్లు, అయిదు రెట్లైతే 625 రెట్లు. కాబట్టి షట్టరు కాస్త లేచినా పాదంలోకి వచ్చే వెచ్చని రక్తం ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఆ రక్తం కణాలకు ఆక్సిజన్ ఇవ్వడానికి రాలేదు, బోదెల్లోకి అసలు వెళ్ళనే లేదు. చర్మం కిందున్న సిరల వలలో పరుచుకుని, తన వేడిని బయటికి వదిలి, చల్లబడి గుండెకు తిరిగిపోతుంది. రెండు పాదాలూ కలిపి ఒంటి చర్మంలో 7 శాతమే అయినా వేడి వదలడంలో వాటి వాటా అందుకే అంత పెద్దది.

ఈ లస్కరు ఉద్యోగం కాస్త విచిత్రం. షట్టరు ఎత్తడం ఇతని పని కాదు, కిందికి నొక్కిపట్టి ఉంచడం పని. మన ప్రమేయం లేకుండా పనిచేసే సింపథెటిక్ నరం నిరంతరం నోర్‌అడ్రినలిన్ అనే రసాయనం వదులుతూ అడ్డనాళం గోడలోని కండరాన్ని బిగించి ఉంచుతుంది. మెదడులో హైపోథాలమస్ అనే ఇంజనీరుగారు 'ఇక చాలు' అంటే చెయ్యి తీసేస్తాడు, తూము దానంతటదే తెరుచుకుంటుంది. చలీ వేడీ అనిపించని గదిలో ఊరికే కూర్చున్నా ఈ షట్టర్లు నిమిషానికి రెండు మూడు సార్లు మూసుకుని తెరుచుకుంటూనే ఉంటాయి. చలేస్తే బిగుసుకుపోతాయి. అప్పుడు పాదంలోకి వెళ్ళిన కొద్దిపాటి రక్తం కూడా పైసిరల్లో కాకుండా ధమనిని ఆనుకుని ఉన్న లోతు సిరల్లో తిరిగొస్తుంది. దారిలో ఎదురొచ్చే రక్తం నుంచి వేడి తీసుకుని లోపలికే తెస్తుంది. నైజింగ్ చెప్పిన 'మూసి దాచడం' అచ్చంగా ఇదే. మనం పుస్తకం చదవకపోయినా మన కాళ్ళు ఆ మాట పాటిస్తాయి.

మరి వేడినీళ్ళలో పెడితే ఏమవుతుంది? వేడి తగిలి షట్టర్లు లేస్తాయి. దాచిన వేడి బయటికి పోయే దారి తెరుచుకుంటుంది! నీళ్ళలో ఉన్నంతసేపు నీళ్ళ వేడి ఒంట్లోకి వస్తుంది, నిజమే. కాళ్ళు తుడుచుకుని దుప్పట్లో దూరాక కథ మారుతుంది. తూములు తెరిచే ఉంటాయి, పాదాలు ఎర్రగా వెచ్చగా ఉంటాయి, వాటిగుండా ఒంటి లోపలి వేడి మెల్లగా దిగిపోతుంటుంది. కాళ్ళు కాచుకోవడం వల్ల గుండె, మెదడు ఉన్న చోట ఉష్ణోగ్రత తగ్గుతుంది. 'దాచుకో' అన్న ఋతువులో, దాచుకోవడం పేరుతో, చేస్తున్నది ఖర్చు.

ఆ ఖర్చే నిద్ర తెస్తుంది. మన లోపలి ఉష్ణోగ్రత రోజంతా ఒకేలా ఉండదు. సాయంత్రం ఎక్కువగా ఉండి, రాత్రి తగ్గుతూ, తెల్లవారుజామున నాలుగైదింటికి అడుగుకు చేరుతుంది. తేడా ఒక డిగ్రీ దాకా ఉంటుంది. ఆ దిగుడు మొదలయ్యేటప్పుడే నిద్ర ముంచుకొస్తుంది. చీకటి పడ్డాక పెరిగే మెలటోనిన్ అనే హార్మోను ముందుగా చేసే పనుల్లో ఒకటి చేతులూ కాళ్ళ తూములు తెరిపించడం. నిద్రొచ్చే పసిపిల్లల అరచేతులు వెచ్చబడటం తల్లులందరికీ తెలుసు. 1999లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు 'నేచర్' పత్రికలో చూపించింది ఇదే: ఎవరు త్వరగా నిద్రపోతారో చెప్పడానికి, చేతులూ కాళ్ళూ ఒంటితో పోలిస్తే ఎంత వెచ్చగా ఉన్నాయన్న కొలతను మించినది వాళ్ళకు దొరకలేదు. 2008లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నీళ్ళు పారే సూటు తొడిగించి చర్మాన్ని 0.4 డిగ్రీలు మాత్రమే వెచ్చబరిస్తే నిద్ర గాఢమైంది, పెద్దవయసు వాళ్ళలో మరీను. 2019లో అమెరికాలోని టెక్సస్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి లెక్కేశారు. పడుకునేందుకు గంటా రెండు గంటల ముందు, 40 నుంచి 42.5 డిగ్రీల నీళ్ళతో స్నానం చేసినా, కాళ్ళు కాచుకున్నా, పది నిమిషాలైనా చాలు, నిద్ర సగటున దాదాపు పది నిమిషాలు ముందుగా పడుతుంది. పది నిమిషాలేనా అని తీసిపారేయకండి. మందు లేకుండా వచ్చినవి అవి.

తూముల సంగతి తెలిస్తే చలికాలపు చైనా ఆచారాలు ఇంకా కొన్ని అర్థమవుతాయి. డిసెంబరు 21, 22 ప్రాంతంలో, ఏడాదిలో పగలు అతి తక్కువగా ఉండే దోంగ్‌జీ పండుగ రోజున ఉత్తర చైనాలో డంప్లింగులు (లోపల కూరిన పిండి ఉండలు) తింటారు. హాన్ రాజవంశం కాలపు వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్, చలికి చెవులు పుండ్లు పడ్డ పేదలకు మేకమాంసం, మిరియంలాంటి దినుసులు చెవి ఆకారపు పిండిలో చుట్టి ఉడికించి పెట్టాడని కథ. కథ కథే కానీ చెవులే ఎందుకన్నది మంచి ప్రశ్న. చెవులు, ముక్కు, వేళ్ళు: చలికి ముందు దెబ్బతినేవీ తూములున్న చోట్లూ ఇంచుమించు ఒకటే. లస్కరు షట్టరు బిగించేస్తే అక్కడికి వెచ్చని రక్తం రాదు. మరీ గడ్డకట్టే చలిలో పావుగంట లోపే షట్టర్లు అప్పుడప్పుడూ వాటంతటవే తెరుచుకుని కణాల్ని కాపాడతాయి. ఇంగ్లండులో థామస్ లూయిస్ అనే వైద్యుడు 1930లోనే దీన్ని వర్ణించాడు. ఇక మూలికలు నానేసిన సారా తాగితే వెచ్చగా ఉంటుందన్న నమ్మకం. చర్మం వెచ్చబడేది నిజం, ఎందుకంటే మద్యం తూములు తెరుస్తుంది. మంచం మీదైతే పర్వాలేదు. మంచు రోడ్డు మీదైతే దాచిన వేడంతా వీధి పాలు.

నీళ్ళలో అల్లం, ఉప్పు, సిచువాన్ మిరియాలు, మాచిపత్రి జాతి ఆకు కూడా వేస్తారు. వాసన బాగుంటుంది, అల్లం కాస్త చురుక్కుమనిపిస్తుంది. పని చేసేది ప్రధానంగా వేడే. 'డీటాక్స్' అని అమ్మే కరెంటు టబ్బులు మాత్రం కొనకండి. కాళ్ళలోంచి విషం దిగినట్టు నీళ్ళు గోధుమరంగుకి తిరుగుతాయి. ఉప్పునీళ్ళలో ఇనుప ఎలక్ట్రోడు తుప్పుపట్టడమే ఆ రంగు. కాళ్ళు పెట్టకుండా స్విచ్ వేసినా అలాగే తిరుగుతాయి, కావాలంటే దుకాణంలోనే వేసి చూపించమనండి, వాళ్ళ మొహం చూడాలి.

పెందలాడే పడుకుని పొద్దెక్కాక లేవమన్న సలహా సగం నిలబడింది. టాంజానియాలో హాడ్జా, నమీబియాలో సాన్, బొలీవియాలో చిమానే అనే కరెంటు లేని సమాజాల నిద్రను కొలిచి 2015లో ఒక పత్రం వెలువడింది. వాళ్ళు చలికాలంలో వేసవికన్నా సగటున గంటసేపు ఎక్కువ నిద్రపోతున్నారు. కానీ పొద్దెక్కేదాకా పడుకోవడం లేదు. ఎక్కువగా సూర్యోదయానికి ముందే, రాత్రి చలి అడుగుకు చేరే వేళకు లేస్తున్నారు. లేచే సమయానికి వాళ్ళ చర్మపు రక్తనాళాలు బిగుసుకుంటున్నాయి. రాత్రంతా చెయ్యి తీసేసిన లస్కరు డ్యూటీకి వచ్చాడన్నమాట.

కాబట్టి అమ్మా, మీ అబ్బాయిని మానిపించక్కర్లేదు. ఇరవై ఏళ్ళ పిల్లాడికి ఇందులో ప్రమాదమేం లేదు, పరీక్షల టెన్షన్‌లో నిద్ర పడితే అదే లాభం. మన వైపు చలికి టబ్బుదాకా పోనక్కర్లేదు, సాక్సులు వేసుకున్నా ఆ పని జరుగుతుంది. నూనె ప్రత్యేకించి తలకూ చెవులకూ పాదాలకూ రాయమని వాగ్భటుడే అన్నాడు.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే మాత్రం ఇది చదివి వాళ్ళకు టబ్బు పెట్టకండి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది. ఏళ్ళ తరబడి షుగరు అదుపులో లేకపోతే పాదాల నరాలు చచ్చుబడతాయి. స్పర్శ తెలిపే నరం పోతే నీళ్ళు కాలుతున్నా తెలియదు, బొబ్బ లేచి పుండు పడేదాకా వస్తుంది. లస్కరు నరం కూడా పోయిందంటే షట్టరు పట్టుకునేవాడే ఉండడు, తూములు పొద్దస్తమానం తెరిచే ఉంటాయి. అలాంటివాళ్ళ పాదం స్పర్శ లేకపోయినా వెచ్చగానే తగులుతుంది. చూసి రక్తప్రసరణ బాగుందనుకుంటారు, కానీ ఆ రక్తంలో చాలాభాగం బోదెల్లోకి వెళ్ళకుండానే తిరిగిపోతోంది. వాళ్ళకు తెరవడానికి తూమేదీ మిగల్లేదు గనక టబ్బుతో వచ్చే లాభమూ లేదు. మిగిలినవాళ్ళు నీళ్ళ వేడి థర్మామీటరుతో చూసుకోండి. అది లేకపోతే మోచెయ్యి ముంచి చూడండి, ఆరుబయట చలిలోంచి అప్పుడే వచ్చిన కాలితో మాత్రం చూడకండి.